పాత వ్యాగన్‌ఆర్ నీళ్లు తాగుతోంది: మాటు వేయించాలా, రేడియేటరే మార్చాలా?

కర్మన్‌ఘాట్_కుర్రాడు
2006 వ్యాగన్‌ఆర్, పెట్రోల్. నాన్నగారి బండి. లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. పదిహేనేళ్లు దాటాక గ్రీన్ ట్యాక్స్ కట్టి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాం, అమ్మే ఉద్దేశం లేదు. మూడు రోజులకోసారి అర లీటరు నీళ్లు తాగుతోంది. కింద చుక్క కూడా కనపడదు. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ పైన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కలిసే అంచున ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి మరక, మధ్యమధ్యలో పచ్చగా.

మొన్న గురువారం ఆఫీసు నుంచి వస్తూ మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ ఎక్కాను. సగం దూరం వచ్చాక ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి లేవడం మొదలైంది. పైన ఆపుదామంటే వెనక హారన్లు, ఆపకపోతే ఇంజిన్. ఆరాంఘర్‌లో కిందికి దిగేసరికి నా ఒంట్లో నీళ్లు కూడా ఆవిరయ్యాయి.

ముగ్గురికి చూపించాను. మా వీధి ఉస్తాద్ 150 రూపాయల పౌడర్ వేస్తే ఆగుతుందన్నాడు. రెండో ఆయన ఎం-సీల్ పెడతానన్నాడు. మూడోది పెద్ద వర్క్‌షాప్. రేడియేటర్, పైపులు, వాటర్ బాడీ (నీళ్లు తిప్పే పంపు), థర్మోస్టాట్, లేబర్ అన్నీ కలిపి 14,600 అని కాగితం చేతిలో పెట్టారు. బండి అమ్మితే 70 వేలు రావు. ఎవరి మాట వినాలి?

పెట్రోల్_కన్నీళ్లు
14,600కి ఇంకాస్త కలిపితే ఇంకో వ్యాగన్‌ఆర్ వస్తుంది. అది కూడా నీళ్లు తాగుతుందనుకో.

నల్లకుంట_బాబాయ్
మాటు వేయించు బాబూ. నా 1994 మారుతి 800కి రేడియేటర్ కారితే టంకం పెట్టించాను. పదకొండేళ్లు చుక్క రాలేదు. ఈ కాలంలో ఏది చెడినా "మార్చేయండి సార్" అనడమే. బాగుచేసే చేతులే కరువైపోయాయి.

మెటలర్జీ_రిటైర్డ్
బాబాయ్ గారూ, మీ 800లో ఉన్నది రాగి, ఇత్తడి రేడియేటర్. దానికి టంకం అతుక్కుంటుంది. కొట్టుపిల్లాడు కూడా మాటు వేయగలడు. ఈ అబ్బాయి బండిలో ఉన్నది అల్యూమినియం కోర్, అంటే సన్న గొట్టాలు, వాటి మధ్య రెక్కలు ఉండే భాగం. దానికి పైనా కిందా ప్లాస్టిక్ ట్యాంకులు. అల్యూమినియం మీద గాలి తగలగానే సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, మామూలు టంకం దాన్ని పట్టదు. ఇక ప్లాస్టిక్‌కి టంకం ఎక్కడ పెడతారు? అక్కడ అతుకే లేదు. అల్యూమినియం అంచుని పళ్లలా మడిచి ప్లాస్టిక్‌ని నొక్కి పట్టిస్తారు, మధ్యలో రబ్బరు రింగు ఉంటుంది. ఏళ్ల తరబడి కాగి చల్లారి ఆ రింగు గట్టిపడుతుంది. అబ్బాయి చెప్పిన మరక సరిగ్గా అక్కడిదే.

నల్లకుంట_బాబాయ్
అంటే బాగుచేయడానికి వీల్లేకుండా తయారుచేశారన్నమాట. నేనన్నదీ అదేగా.

మెటలర్జీ_రిటైర్డ్
తేలిగ్గా, చవగ్గా చేశారు. మీ ఇత్తడిది ఒక చేత్తో ఎత్తి చూడండి, తెలుస్తుంది.

లారీ_లోకేష్
పసుపు వేయండి. మా నాన్న ముప్పై ఏళ్లు లారీ తోలారు. దారిలో రేడియేటర్ కారితే గుప్పెడు పసుపే మందు. కన్నం దగ్గరికెళ్లి గడ్డకట్టి మూసేస్తుంది. ఊరికి చేరేదాకా ఢోకా లేదు.

బీపీ_పెరిగింది
పసుపు, కుంకుమ, రెండు అగరొత్తులు. దండ మర్చిపోకండి.

ఈసీఐఎల్_సీను
లోకేష్ అన్నా, ఊరికి చేరేదాకా సరే. తర్వాత? పసుపైనా 150 పౌడరైనా చేసే పని ఒకటే, సందు దొరికిన చోటల్లా పేరుకోవడం. దానికి కన్నమేదో, నీళ్లు పోయే సన్న గొట్టమేదో తెలియదు. నా ఆల్టోకి ఒకాయన పౌడర్ వేశాడు. లీకు ఆగింది, సంబరపడ్డాను. నెల తిరగకుండా బండి ట్రాఫిక్‌లో నిలబడితే చాలు వేడెక్కడం మొదలైంది. చివరికి రేడియేటర్ విప్పి చూస్తే సగం గొట్టాలు అంబలి గడ్డకట్టినట్టు మూసుకుపోయాయి. 150తో పోయేదానికి నాలుగు వేలు పోశాను.

లారీ_లోకేష్
ఊరికి చేరాక మార్చుకోమనే నేనూ చెప్తున్నా. పసుపుతో కాశీకి పొమ్మన్లేదు.

సైనిక్‌పురి_లత
రేడియేటర్ మీద తీర్పు ఇచ్చేముందు మిగతా చోట్లు కూడా చూడండి. నా శాంత్రోలో నీళ్లు తగ్గుతుంటే రెండుసార్లు పైపులు మార్చారు, ఒకసారి మూత మార్చారు. ఆఖరికి దొరికిందెక్కడో తెలుసా? ఎడమ సీటు ముందు కార్పెట్ కింద. లోపలి హీటర్ కోర్, అంటే హీటర్‌కి వేడినీళ్లు వెళ్లే చిన్న రేడియేటర్, కారుతోంది. ముందు అద్దం లోపల జిడ్డుగా మంచు పట్టేది, కారు తలుపు తీయగానే తియ్యటి వాసన వచ్చేది. అమ్మ తాంబూలం వాసన అనుకున్నాం ఇన్నాళ్లూ.

కర్మన్‌ఘాట్_కుర్రాడు
లత గారూ, కార్పెట్ తడిమి చూశా, పొడిగానే ఉంది. ఏసీ వేసినప్పుడు మాత్రం ఎడమవైపు కింద నీళ్లు కారతాయి.

సైనిక్‌పురి_లత
అది ఏసీ నీళ్లయి ఉండొచ్చు, మంచిదే. వేలికి రాసుకుని చూడండి. ఏసీ నీళ్లయితే వట్టి నీళ్లే. కూలెంట్ (రేడియేటర్‌లో పోసే మందు నీళ్లు) అయితే వేళ్ల మధ్య జారుతుంది, కాస్త జిగటగా ఉంటుంది. నోట్లో మాత్రం పెట్టకండి, విషం. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అవీ బతకవు. షెడ్డుల్లో రోడ్డు మీద పారబోస్తుంటే గొడవపడతాను నేను.

రాణీగంజ్_రోజువారీ
నేను స్పేర్ పార్ట్స్ లైన్‌లో ఉన్నాను. చీకట్లో రాళ్లేయడం ఆపి ముందు ప్రెషర్ టెస్ట్ చేయించు తమ్ముడూ. మూత ఉండే చోట చేతిపంపు బిగించి గాలి కొడతారు. పాత మూత మీద ఎంత ఒత్తిడికో 0.9 అని అచ్చువేసి ఉంటుంది చూడు, అంతవరకే కొట్టాలి. పంపు మీది ముల్లు నిలబడితే లీకు లేదు, దిగితే ఉంది. ఎక్కడ కారుతుందో కళ్ల ముందే కనపడుతుంది.

కింద చుక్క ఎందుకు కనపడదంటే, ఇంజిన్ వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగినప్పుడే అది కారుతుంది. కారింది వేడి కోర్ మీద పడి ఆవిరైపోతుంది. మిగిలేది నువ్వు చూసిన ఉప్పు. పెద్ద షోరూమ్ అక్కర్లేదు, మా రాణీగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో రేడియేటర్ పనే చేసే షాపులో అడుగు. మామూలు మెకానిక్ కూడా చివరికి రేడియేటర్ విప్పుకుని అక్కడికే వస్తాడు.

పెట్రోల్_కన్నీళ్లు
మూతకి అంత కథ ఉందా? మాది పోతే స్టీలు గ్లాసు బోర్లించాడు మా డ్రైవర్.

మెటలర్జీ_రిటైర్డ్
కథంతా మూతలోనే ఉంది. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. 0.9 ఒత్తిడిలో బిగించి ఉంచితే 118 దగ్గరికి వెళ్తే కానీ మరగవు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ చేసే పనే. మూతలో స్ప్రింగు మెత్తబడినా, రబ్బరు చిట్లినా ఆ 18 డిగ్రీల వెసులుబాటు పోతుంది. లీకు లేకుండానే నీళ్లు పొంగి రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ సీసాలోకి, అక్కడి నుంచి రోడ్డు మీదికి పోతాయి. అలాగని 0.9 ఉన్నచోట 1.1 మూత పెట్టి గట్టిదనుకోకండి. పాత ట్యాంకు, పాత పైపులు ఆ ఒత్తిడికి ఎక్కడ బలహీనమో అక్కడ చీలతాయి.

బీపీ_పెరిగింది
వేడి మీద మూత తీసిన మహానుభావులు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

నల్లకుంట_బాబాయ్
ఉన్నాను. 1998, కుడి మోచేయి. మచ్చ ఇప్పటికీ ఉంది. చేతిలో నీళ్ల సీసా ఉంది కదా, పోసేసి బయల్దేరదామని గుడ్డ కూడా వేయకుండా తిప్పాను. అరగంట ఆగి ఉంటే ఐదు రూపాయల టీ ఖర్చుతో పోయేది.

ఈసీఐఎల్_సీను
మా బావమరిది ఇంకోలా చేశాడు. ఉప్పల్ సిగ్నల్ దగ్గర బండి బాగా వేడెక్కి ఆగితే, కొబ్బరిబోండాల బండి దగ్గర చల్లని నీళ్లు అడిగి తెచ్చి పోశాడు. ఇంజిన్ పైన ఉండే హెడ్ పగిలింది. కాగిన పెనం మీద చల్లనీళ్లు పోస్తే ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు, రోడ్డు మీద ఎవరికీ గుర్తుండదు.

కర్మన్‌ఘాట్_కుర్రాడు
భయపెట్టేస్తున్నారు. నేను ఆరాంఘర్‌లో ముప్పావుగంట ఆగే పోశాను. హెడ్‌కి ఏమీ కాలేదని ఎలా తెలుస్తుంది?

రాణీగంజ్_రోజువారీ
ఆయిల్ మూత తీసి లోపల చూడు. పాల టీ మీగడలాంటిది పట్టిందా? పొగగొట్టంలో తెల్ల పొగ ఆగకుండా వస్తోందా? చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు వస్తున్నాయా? మూడూ లేకపోతే గండం గడిచినట్టే. ఒక్కటి ఉన్నా ముందు హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ సంగతి చూడు, రేడియేటర్ తర్వాత.

కర్మన్‌ఘాట్_కుర్రాడు
చూశాను. మూడూ లేవు. ఆదివారం ఆగి సోమవారం రాణీగంజ్ వెళ్తా.

మధ్యలో మా వీధి ఉస్తాద్ ఫోన్ చేశాడు. "థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తా, హైదరాబాద్ ఎండకి అదెందుకు" అంటున్నాడు. నిజమేనా?

బీపీ_పెరిగింది
నిజమే. నేను 2015లో పీకించా. ఇంతవరకు హీట్ సమస్య లేదు.

మెటలర్జీ_రిటైర్డ్
మైలేజీ ఎంత వస్తోంది?

బీపీ_పెరిగింది
అది వేరే విషయం.

మెటలర్జీ_రిటైర్డ్
అదే విషయం. వాల్వ్ మీద 82 అనో ఎంతో అంకె చెక్కి ఉంటుంది. ఇంజిన్ ఆ వేడికి వచ్చేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వదు. అది పీకేస్తే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. మీది ఇంజెక్షన్ బండి కాబట్టి, పెట్రోల్ కొలిచి పోసే దాని కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది. బిక్కుబిక్కుమంటూ పంపు దగ్గర లైన్లో నిలబడేది మీరు. వాల్వ్ మూసుకుపోయి బిగుసుకుంటే మార్చాలి. పీకడం మరమ్మతు కాదు.

బీపీ_పెరిగింది
పదకొండు వస్తోంది లీటరుకి. ఇప్పుడు బీపీ నిజంగానే పెరిగింది.

పెట్రోల్_కన్నీళ్లు
పేరు మార్చుకుందామా మనిద్దరం?

కర్మన్‌ఘాట్_కుర్రాడు
సోమవారం సంగతి. షాపు గుమ్మమంత ఉంది. లోపల గోడకి రేడియేటర్లు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. అరవై ఏళ్ల పెద్దాయన, ఆయన దగ్గర ఒక కుర్రాడు. ఏమైందో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, బండే చెప్తుందన్నాడు. చేతిపంపు బిగించి 0.9 దాకా కొట్టాడు. మేం ముగ్గురం కిందికి వంగి చూస్తున్నాం. ముందు ఏమీ లేదు. నిమిషం తర్వాత ఆ ప్లాస్టిక్ అంచు వెంట, పై పెదవి మీద చెమట పట్టినట్టు వరసగా చిన్న చుక్కలు. ముల్లు మెల్లగా 0.5కి దిగింది. కింది పైపు క్లిప్పు దగ్గర కూడా కొంచెం తడి. మూత రబ్బరు గోటితో నొక్కితే పగిలింది. వాటర్ బాడీ పొడిగా ఉంది. 14,600 కాగితంలో అది కూడా రాశారు మరి.

పెద్దాయన రెండు దారులు చెప్పాడు. పళ్లు విప్పి కొత్త రబ్బరు రింగు వేసి మళ్లీ నొక్కితే 900. బయటి కంపెనీ కొత్త రేడియేటర్ 3,200, బిగించడానికి 600. నేను 900 అనబోయాను. ఆయన నా బొటనవేలు పట్టుకుని కోర్ కింది మూల రాయించాడు. రెక్కలు వేయించిన అప్పడంలా పొడిపొడిగా రాలిపోయాయి. "రింగు కొత్తది వేస్తా, గాలికి వేడి అందించే రెక్కలు ఏవి?" అన్నాడు. ఇంకేం మాట్లాడను?

రాణీగంజ్_రోజువారీ
మనసున్న మనిషి దొరికాడు. ఇంకొకరైతే 900 తీసుకుని రింగు వేసి పంపేవాడు, మే నెలలో మళ్లీ వచ్చేవాడివి. రెక్కలు గట్టిగా ఉండి లీకు అంచునే ఉంటే మాత్రం రింగు పని మంచిదే, ఎవరూ కొత్తది కొనక్కర్లేదు. మధ్యలో ఒక గొట్టం కారితే దాన్ని రెండు వైపులా నొక్కి మూసేస్తారు కొందరు. ఒకటి రెండు గొట్టాలకు పర్వాలేదు. ఐదారు మూస్తే రేడియేటర్ చిన్నదైపోతుంది, ఏసీ వేసి అమీర్‌పేట దాటలేరు.

నల్లకుంట_బాబాయ్
సరే, ఈసారికి ఓడిపోయాను. 3,800లో పని అయిందిగా, 14,600 కాదు. అదీ నా వాదనే.

కర్మన్‌ఘాట్_కుర్రాడు
మూత, కింది పైపు, క్లిప్పులు కలిపి ఇంకో 700 అయింది బాబాయ్. కూలెంట్ విడిగా. బాబాయ్ మాట, రిటైర్డ్ గారి మాట రెండూ నిజమే అయ్యాయి.

రెక్కలు ఎందుకు అలా అయ్యాయని అడిగితే పెద్దాయన "వాషింగ్‌లో ముందు నుంచి గట్టిగా నీళ్లు కొట్టిస్తారా?" అన్నాడు. ప్రతి ఆదివారం కొట్టిస్తాం. లోపలి సంగతి ఇంకా ఉంది, సాయంత్రం రాస్తా.

ఈసీఐఎల్_సీను
లోపలి సంగతి నేను చెప్తా. బోరు నీళ్లు.

కర్మన్‌ఘాట్_కుర్రాడు
ఎలా చెప్పారు?!

ఈసీఐఎల్_సీను
కర్మన్‌ఘాట్ అని పేరులోనే ఉంది కదా. మా కుషాయిగూడలోనూ అంతే. గీజర్ రాడ్ విప్పితే తెల్ల పెచ్చు కట్టి ఉంటుంది చూడండి, అదే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. రేడియేటర్‌కి వేడి బయటికి పోవాలి. ఆ పెచ్చు దుప్పటి కప్పినట్టు అడ్డుపడుతుంది. మంజీరా నీళ్లు బోరుకన్నా నయమే కానీ అవీ వద్దు. బ్యాటరీ షాపుల్లో డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాన్ దొరుకుతుంది. చిక్కటి కూలెంట్ కొంటే సగానికి సగం అది కలపండి. కలిపే అమ్మేది కొంటే మళ్లీ చుక్క నీళ్లు కలపొద్దు.

లారీ_లోకేష్
పచ్చది పోశావా ఎర్రది పోశావా?

మెటలర్జీ_రిటైర్డ్
రంగు చూసి పోయకండి. రంగు ఆయా కంపెనీ ఇష్టం. లోపల తుప్పు ఆపే మందు ఏ రకమో డబ్బా మీద చదవాలి. అల్యూమినియంకి పనికొస్తుందని ఉండాలి. రెండు రకాలు కలిపితే ఒక్కోసారి జిగురులా అవుతుంది. ఆ మందు కూడా కాలం గడిస్తే అరిగిపోతుంది, డబ్బా మీద రాసిన గడువుకి మార్చేయాలి.

కర్మన్‌ఘాట్_కుర్రాడు
ఇప్పుడు అసలు కథ. పాత రేడియేటర్ బోర్లించి తడితే తెల్ల పెచ్చులతో పాటు ఎర్రమట్టిలాంటి బురద వచ్చింది. దోసెడు. నేను తుప్పనుకున్నా. షాపు కుర్రాడు వేలితో తీసి వాసన చూసి "సాబ్, హల్దీ" అని నవ్వాడు. పెద్దాయన కూడా వాసన చూసి తలూపాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా బండిలో ఎవరూ పసుపు వేయలేదు.

మెటలర్జీ_రిటైర్డ్
పసుపు అయితే ఎర్రగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, కూలెంట్‌కి కూడా కొంచెం క్షార గుణం ఉంటుంది. ఇంట్లో అడిగి చూడండి.

బీపీ_పెరిగింది
దండ మర్చిపోవద్దన్నాను, ఎవరో ముందే పూజ చేశారు.

లారీ_లోకేష్
నేను కాదు. నాకు కర్మన్‌ఘాట్‌లో ఎవరూ తెలియదు.

కర్మన్‌ఘాట్_కుర్రాడు
రాత్రి భోజనాల దగ్గర అడిగాను. నాన్న పెరుగన్నం కలుపుతూనే ఉన్నారు. అమ్మ చెప్పేసింది. పోయిన ఎండాకాలం ఇద్దరూ శ్రీశైలం వెళ్తుంటే మన్ననూర్ దాటాక బండి పొగలు కక్కిందట. ఒక లారీ డ్రైవర్ ఆపి, అమ్మ దగ్గర అమ్మవారికని తీసుకెళ్తున్న పసుపు ప్యాకెట్ అడిగి మొత్తం పోశాడట. దర్శనం చేసుకుని ఇంటికి వచ్చారు. నాకు చెప్తే బండి తీయనివ్వనని చెప్పలేదు. ఆ తర్వాత నీళ్లు తగ్గినప్పుడల్లా పెరట్లో బోరు పైపుతో నాన్నే పోస్తున్నారు.

"పౌడర్ వద్దు, పసుపు వద్దని అక్కడ అందరూ చెప్పారు నాన్నా" అంటే, "ఆ పసుపే ఏడాది లాగింది. మీ వాళ్లలో ఒక్కడైనా ఆ రోజు ఘాట్ రోడ్డు మీద ఉన్నాడా?" అన్నారు.

నల్లకుంట_బాబాయ్
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

సైనిక్‌పురి_లత
అమ్మవారి పసుపు కదా, అందుకే హెడ్ మిగిలింది.

రాణీగంజ్_రోజువారీ
కూలెంట్ పోశాక గాలి తీశారా? మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఇంజిన్ నడపాలి. గాలి బుడగ మిగిలితే కొత్త రేడియేటర్‌తోనూ ముల్లు లేస్తుంది. వారం పాటు పొద్దున్నే చల్లటి మీద సీసాలో లెవెల్ చూడు.

కర్మన్‌ఘాట్_కుర్రాడు
తీశాడు పెద్దాయన. ఆ ఎండలో హీటర్ వేసుకుని నన్నే సీట్లో కూర్చోబెట్టాడు.

పది రోజులైంది. 480 కిలోమీటర్లు. సీసా మీద మార్కర్‌తో గీసిన గీత దగ్గరే ఉంది లెవెల్. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఏసీతోనే వచ్చాను, ముల్లు సగం దాటలేదు. వాషింగ్‌లో ముందు జాలీ మీద పైపు పెట్టొద్దని చెప్పాను. బోరు పైపుకి తాళం వేయలేం కాబట్టి డిక్కీలో డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఒకటి పెట్టా. ఈరోజు తీసి చూస్తే దాని పక్కన కొత్త పసుపు ప్యాకెట్ ఉంది. నేను పెట్టలేదు.